ఎంబాపె 9 జెర్సీ: బట్ట బాగుంది, అసలు ఖరీదు మాత్రం వీపు మీది పేరుది

స్పెయిన్ ఫుట్‌బాల్ క్లబ్ రియల్ మాడ్రిడ్ 2024–25 హోమ్ జెర్సీ, ఫ్యాన్ వెర్షన్, వీపు మీద ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపె పేరు, 9 నంబరు. సీజన్ పొడుగునా వేసుకుని, ఉతికి, టర్ఫ్‌లో ఆడి, అర్ధరాత్రి మ్యాచ్‌లకు వేసుకుని కూర్చుని రాస్తున్న రివ్యూ ఇది. జెర్సీ రివ్యూ అంటే బట్ట, సైజు, ధర చెప్పి ఊరుకోవచ్చు. దీనికి అది సరిపోదు. ఈ జెర్సీ కొన్నవాళ్ళెవరూ తెల్ల బట్ట కోసం కొనలేదు, ఆ పేరు కోసం కొన్నారు. 2017లో మొదటిసారి ఆశ పెట్టుకున్న దగ్గర్నుంచి లెక్కేస్తే ఆ పేరు ఈ తెల్ల బట్ట మీదికి రావడానికి ఏడేళ్ళు పట్టింది. ఆ ఆలస్యానికి ఉన్న పెద్ద కారణాల్లో ఒకటి, ఆ పేరు మీద, ఆ మొహం మీద వచ్చే డబ్బు ఎవరిది అన్న బేరం. కాబట్టి రెండూ కలిపే రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

ముందు బట్ట సంగతి. దూరం నుంచి ఒట్టి తెలుపే, దగ్గరికి వస్తే బట్టలో సన్నటి గళ్ళ డిజైన్ కనబడుతుంది, ఫొటోల్లో అది సరిగా రాదు, చేత్తో పట్టుకుని వెలుగులో చూస్తే తప్ప దాని అందం తెలియదు. భుజాల మీద అడిడాస్ మూడు గీతలు నల్లగా ఉంటాయి, ఛాతీ మీద ఎమిరేట్స్ వాళ్ళ అక్షరాలు, చేతి మీద హెచ్‌పీ లోగో. ఆ హెచ్‌పీ లోగో చాలామంది పాత ఫ్యాన్స్‌కు నచ్చలేదు, క్లబ్ చరిత్రలో చేతి మీద స్పాన్సర్ రావడం అదే మొదలు, నాకూ అది లేకపోతేనే బాగుండేదనిపిస్తుంది, నీలం రంగు గుండ్రటి మచ్చ తెలుపు మీద కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మిగతాదంతా నాకు చాలా నచ్చింది. గత కొన్నేళ్ళ హోమ్ జెర్సీల్లో ఇంత నిండుగా ఉన్నది ఇదే అంటాను.

ఫ్యాన్ వెర్షన్, ప్లేయర్ వెర్షన్ మధ్య ఏది కొనాలని చాలామంది అడుగుతుంటారు. ప్లేయర్ వెర్షన్ ఒంటికి అతుక్కున్నట్టు ఉంటుంది, బట్ట పల్చన, లోగో వేడితో అతికించినది. ఫ్యాన్ వెర్షన్ కొంచెం వదులు, లోగో కుట్టినది, బట్ట కాస్త మందం. ఆ సీజన్‌లో యూరప్‌లో ఫ్యాన్ వెర్షన్ 100 యూరోలు, ప్లేయర్ వెర్షన్ 150 యూరోలు ఉండేది, పేరు నంబరు వేయించుకుంటే దానికి విడిగా కట్టాలి. అప్పట్లో మన డబ్బుల్లో ఫ్యాన్ వెర్షనే తొమ్మిది వేల చిల్లర పడేది. పొట్ట కాస్త ఉన్నవాళ్ళు ప్లేయర్ వెర్షన్ జోలికి వెళ్ళకండి, ఆటగాళ్ళ ఒళ్ళు చూసి కుట్టిన బట్ట అది. నాది ఆఫీసు పని మీద స్పెయిన్ వెళ్ళిన మా బావ క్లబ్ సొంత స్టేడియం బెర్నబ్యూ షాపులో కొని తెచ్చినది. సైజు చెప్పేటప్పుడు మామూలుగా టీషర్టుకు వేసుకునే సైజే చెప్పాను, సరిగ్గా సరిపోయింది.

ఇక పేరు కథ.

ఎంబాపె చిన్నప్పుడు పారిస్ పక్కన బోండీలో, గోడ నిండా క్రిస్టియానో రొనాల్డో బొమ్మలు అంటించుకున్న గదిలో పడుకుని ఉన్న ఫొటో చూడని ఫ్యాన్ ఉండడు. 14 ఏళ్ళప్పుడు మాడ్రిడ్ ట్రైనింగ్ గ్రౌండ్ వాల్దెబెబాస్‌కు వచ్చి రొనాల్డోతో దిగిన ఫొటో కూడా ఉంది. అందుకే 2017లో మొనాకో క్లబ్ నుంచి బయటికొస్తున్నాడు అనగానే మేమందరం వీడు మనవాడే అనుకున్నాం. పారిస్ క్లబ్ పీఎస్‌జీకి, అంటే పారిస్ సెయింట్-జర్మన్‌కు వెళ్ళాడు, ముందు లోన్ మీద, అంటే అరువుగా, తర్వాత 180 మిలియన్ యూరోలకు. సరే, కుర్రాడు, సొంత ఊరు, అర్థం చేసుకున్నాం. 2021 ఆగస్టులో రియల్ 160 మిలియన్ల దగ్గర ఆఫర్ పెడితే అది చాలదని పీఎస్‌జీ స్పోర్టింగ్ డైరెక్టర్ లియొనార్డో బయటికే చెప్పేశాడు. అప్పటికి అతని కాంట్రాక్టులో ఒక్క ఏడాదే మిగిలింది, వచ్చే ఏడు అది అయిపోగానే బదిలీ డబ్బు లేకుండా ఫ్రీగా వస్తాడులే అని కూర్చున్నాం.

ఆ వచ్చే ఏడే దెబ్బ తగిలింది. 2022 మే 21, పీఎస్‌జీ స్టేడియం పార్క్ దె ప్రాన్స్‌లో మెట్జ్‌తో మ్యాచ్‌కు ముందు, వెనక 2025 అని రాసిన జెర్సీ పట్టుకుని నిలబడ్డాడు. 2025 దాకా పీఎస్‌జీలోనే ఉంటాడట. సరిగ్గా వారం తర్వాత అదే పారిస్ పక్కన స్టాడ్ దె ఫ్రాన్స్‌లో లివర్‌పూల్ మీద మా వినిసియస్ గోల్‌తో మేం యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు చాంపియన్స్ లీగ్ గెలిచాం కాబట్టి ఆ పుండు కొంత మానింది గానీ, లేకపోతే ఆ వేసవి చాలా చేదుగా గడిచేది. ఆ రోజుల్లో అతని తల్లి ఫైజా లమారీ రెండు క్లబ్బుల ఆఫర్లూ దాదాపు సమానమేనని చెప్పింది, ఆ మాటల్లో ఇమేజ్ హక్కుల ప్రస్తావన కూడా వచ్చింది. అంతవరకూ జీతం, బోనస్ అని మాట్లాడుకునే మామూలు ఫ్యాన్ ఆ మాట గట్టిగా పట్టించుకోవడం అప్పుడే మొదలైంది. మా వాట్సాప్ గ్రూపులో అసలు ఈ ఇమేజ్ హక్కులేంటిరా, ఫుట్‌బాల్ ఆడటానికి వాటితో పనేంటి అని అందరూ ఒకటే గొడవ.

తెలుగువాళ్ళకు దీన్ని అర్థం చేసుకోవడం ఇప్పుడు తేలికే. 2025లో నాగార్జున తన పేరు, ఫొటో, గొంతు అనుమతి లేకుండా వాడుకోకూడదని ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళారు, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టుకు వెళ్ళారు, ఇద్దరికీ అనుకూలంగా ఉత్తర్వులు వచ్చాయి. ఆ పేరు, ఆ మొహం, ఆ గొంతు, ఆ సంతకం, వీటిని వ్యాపారానికి వాడుకునే హక్కే ఇమేజ్ హక్కు. ఫుట్‌బాల్‌లో దానికి ఇంకో మెలిక ఉంది. ఆటగాడు క్లబ్‌తో రెండు రకాల లెక్కలు మాట్లాడుకుంటాడు. ఒకటి ఆడినందుకు జీతం. రెండోది అతని మొహంతో చేసే ప్రకటనల మీద వచ్చే డబ్బు ఎవరికెంత అన్నది. ఇక్కడే రియల్ మాడ్రిడ్ పద్ధతి వేరు. ఫ్లోరెంటీనో పెరెజ్ 2000లో ప్రెసిడెంట్ అయ్యాక 2000లో ఫిగో, 2001లో జిదాన్, 2002లో బ్రెజిల్ రొనాల్డో, 2003లో బెక్హమ్ అని ఏటా ఒక పెద్ద పేరును తెచ్చుకుంటూ పోయాడు, ఆ కాలం నుంచీ క్లబ్ మామూలుగా అడిగేది సగం సగం. అంటే నువ్వు బయట ఏదో షాంపూ ప్రకటన చేసి పది రూపాయలు తెచ్చుకుంటే అందులో ఐదు క్లబ్‌వి. వినగానే అన్యాయం అనిపిస్తుంది. క్లబ్ వాదన ఏంటంటే, ఈ తెల్ల జెర్సీ వేసుకున్నాకే కదా నీ మొహం విలువ అంత పెరిగింది, మరి మా వాటా మాకియ్యి. బెక్హమ్‌ను తెచ్చుకున్న వేసవిలోనే టీమును చైనా, జపాన్, హాంకాంగ్, థాయ్‌లాండ్ తిప్పారంటే ఆ ఆలోచన ఎంత దూరం పోయిందో చూడండి.

పాతికేళ్ళ లోపు కుర్రాడు, అప్పటికే వరల్డ్ కప్ గెలిచినవాడు, తన మొహం విలువ ఈ జెర్సీ ఇచ్చేది కాదు ముందే ఉంది అంటే, అప్పుడు ఈ సగం సగం ఎలా నిలుస్తుంది? గొడవంతా ఇక్కడే. పైగా ఎంబాపె నైకీ బూట్లు వేసుకునే ఆటగాడు. పీఎస్‌జీ జెర్సీ కూడా నైకీదే కాబట్టి అక్కడ పేచీ లేదు. మాడ్రిడ్ జెర్సీ అడిడాస్‌ది. బూట్లు ఆటగాడి ఇష్టం, అది మామూలే, మరి క్లబ్ వాళ్ళు పెట్టే అడిడాస్ ఫొటోషూట్‌లో ఎంతవరకు నిలబడాలి, ఎమిరేట్స్ ప్రకటనలో ఎన్నిసార్లు కనబడాలి, హెచ్‌పీ వాళ్ళకు ఎన్ని గంటలు ఇవ్వాలి, ఇవన్నీ ఒక్కొక్కటీ లాయర్లు కూర్చుని తేల్చాల్సినవే.

ఇది అతని డబ్బాశ అని తీసిపారేసేవాళ్ళతో నాకు అస్సలు పడదు. 2022 మార్చిలో ఫ్రాన్స్ జాతీయ జట్టు స్పాన్సర్ల ఫొటోషూట్‌కు అతను రానన్నాడు. సెప్టెంబరులో మళ్ళీ రానన్నాడు, ఫెడరేషన్ అదే రోజు దిగొచ్చి ఇమేజ్ హక్కుల ఒప్పందం మార్చడానికి ఒప్పుకుంది. అతని అభ్యంతరం డబ్బు గురించి కాదు. బెట్టింగ్ కంపెనీకి, ఫాస్ట్‌ఫుడ్ కంపెనీకి నా మొహం ఎందుకు వాడతారు, పిల్లలు నన్ను చూస్తారు, నన్ను అడగాలి కదా అన్నాడు. అదే ఏడు ఖతర్ వరల్డ్ కప్‌లో మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కప్పు పట్టుకుని ఫొటో దిగేటప్పుడు బీరు కంపెనీ లోగో కనబడకుండా తిప్పి పట్టుకున్నాడు. ఆ ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి చూడండి. మన దగ్గర 2025లో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని సినిమా వాళ్ళ మీద హైదరాబాద్‌లో కేసులు పెట్టారు, ఆ యాప్‌ల వల్ల కుర్రాళ్ళు ఏమైపోయారో మనందరం విన్నాం. నా మొహం దేనికి ఇవ్వాలో నేనే చెప్తాను అన్న ఆటగాణ్ణి తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. క్లబ్ డబ్బులో సగం అడగొచ్చు, అది వ్యాపారం, మాట్లాడుకోవచ్చు. దేని పక్కన నిలబడాలో నిర్ణయించే హక్కు మాత్రం మనిషి దగ్గరే ఉండాలి.

2023 ఏప్రిల్‌లో ఇంకొకటి జరిగింది, పీఎస్‌జీ వాళ్ళు సీజన్ టికెట్ల వీడియో ఒకటి వదిలారు, అందులో దాదాపు అంతా అతనే. నాకు ముందుగా చెప్పి వాడుకోలేదు, ఇది పెద్ద క్లబ్, కిలియన్ సెయింట్-జర్మన్ కాదు అని అతను బహిరంగంగానే పెట్టాడు. వాళ్ళు వీడియో తీసేశారు. నాకైతే ఆ రోజే అర్థమైంది, వీడు అక్కడ ఉండడు అని. ఆ జూన్‌లో కాంట్రాక్టు పొడిగించనని ఉత్తరం రాశాడు, క్లబ్ అతన్ని ఆసియా టూర్‌కు తీసుకెళ్ళకుండా వదిలేసింది, సౌదీ నుంచి అల్ హిలాల్ క్లబ్ 300 మిలియన్ యూరోల ఆఫర్ పెడితే అతను మాట్లాడటానికే ఒప్పుకోలేదు. ఆ వేసవిలో మేం పడ్డ టెన్షన్ చెప్పలేనిది. రోజూ పొద్దున లేవగానే ఫోన్‌లో అదే వెతుక్కోవడం, ఎవడో ఒక రిపోర్టరు ఇమేజ్ హక్కుల దగ్గర ఆగింది అని రాస్తాడు, ఇంకొకడు అంతా అయిపోయింది అంటాడు, సాయంత్రానికి రెండూ అబద్ధమని తేలుతుంది.

చివరికి 2024 జూన్ 3న, అతను మాడ్రిడ్‌కు వస్తున్నాడని క్లబ్ ప్రకటించింది. వెంబ్లీలో డార్ట్‌మండ్ మీద 2–0తో 15వ యూరప్ కప్పు గెలిచిన రెండు రోజులకే. ఐదు సీజన్ల కాంట్రాక్టు, 2029 దాకా. బదిలీ ఫీజు లేదు, సంతకం బోనస్సే ఐదేళ్ళలో 150 మిలియన్ యూరోలని పత్రికలు రాశాయి, ఇమేజ్ హక్కుల్లో పెద్ద వాటా అతనికే ఉందని, 80 శాతం దాకా ఉందని స్పానిష్ పత్రికలు రాశాయి. క్లబ్ ఆ కాగితాలు బయటపెట్టదు. 80 నిజమే అయితే అది పెరెజ్ పాతికేళ్ళుగా పట్టుకున్న పద్ధతిని సడలించడమే, ఆ సడలింపు 2022లోనే జరిగి ఉంటే ఈ జెర్సీ మన ఒంటి మీద రెండేళ్ళ ముందే ఉండేదని నా నమ్మకం.

జులై 16న బెర్నబ్యూలో పరిచయం చేశారు, మాడ్రిడ్‌లో మధ్యాహ్నం, మనకు సాయంత్రం టీ టైమ్. స్టేడియం నిండిపోయింది. జిదాన్ వచ్చి కూర్చున్నాడు. కుర్రాడు స్పానిష్‌లో మాట్లాడి, చివర్లో 2009లో రొనాల్డో అన్నట్టే ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టి క్లబ్ నినాదం హలా మాడ్రిడ్ అన్నాడు. ఆఫీసులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూశాను, కళ్ళు తడిశాయి. ఆ సాయంత్రమే మా బావకు మెసేజ్ పెట్టాను, 9 నంబరు, ఫ్యాన్ వెర్షన్, పేరుతో సహా అని.

ఇంకో విషయం ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇది విన్నప్పుడల్లా నాకు చిరాకు. జెర్సీలు అమ్ముకుని రెండు నెలల్లో డబ్బంతా రాబట్టేశారు అంటారు. బెక్హమ్ అప్పుడూ అన్నారు, రొనాల్డో అప్పుడూ అన్నారు, ఎంబాపెకీ అంటున్నారు. అలా జరగదు. జెర్సీ తయారుచేసేది, ప్రపంచమంతా అమ్మేది అడిడాస్. క్లబ్‌కు ఏడాదికింత అని పెద్ద మొత్తం ముందే కడుతుంది, దాని మీద అమ్మిన ప్రతి జెర్సీకీ ఒక చిన్న వాటా ఇస్తుంది, ఫుట్‌బాల్‌లో ఆ వాటా సాధారణంగా పది పదిహేను శాతం దగ్గర్లో ఉంటుందంటారు. 100 యూరోల జెర్సీలో స్పెయిన్ ప్రభుత్వం పన్ను ఉంది, షాపు లాభం ఉంది, కంపెనీ ఖర్చు, లాభం ఉన్నాయి. అవన్నీ పోగా మిగిలేదాంతో ఆ సంతకం బోనస్ 150 మిలియన్లు రావాలంటే ఎన్ని జెర్సీలు అమ్మాలో వేళ్ళ మీద లెక్కేసుకోండి. క్లబ్ సొంత షాపులో కొంటే ఆ షాపు లాభం కూడా వాళ్ళకే పోతుంది కాబట్టి కొంచెం నయం, అంతే. పెద్ద ఆటగాడి వల్ల అసలు డబ్బు వచ్చేది స్పాన్సర్ల దగ్గర. ఫలానావాడు మా టీములో ఉన్నాడు, మీ ప్రకటనలో కనబడతాడు అని చెప్పి ఒప్పందం ధర పెంచడంలో ఉంది. అంటే ఇమేజ్ హక్కుల్లో ఉంది. క్లబ్బులు జీతం దగ్గర తొందరగా ఒప్పేసుకుని దీని దగ్గర నెలలు నెలలు లాగేది అందుకే.

స్పెయిన్‌లో దీనికి టాక్సు గొడవ కూడా తోడవుతుంది. అక్కడి చట్టంలో 85–15 అని ఒక లెక్క ఉంది, క్లబ్ ఆటగాడికిచ్చే మొత్తంలో 15 శాతం వరకు ఇమేజ్ హక్కుల పేరుతో అతని కంపెనీకి కట్టవచ్చు, దాటితే అది అతని సొంత ఆదాయంగానే లెక్క. ఈ ఇమేజ్ హక్కుల డబ్బును విదేశీ కంపెనీల గుండా తిప్పారనే మెస్సీకి 2016లో 21 నెలల శిక్ష పడింది, జైలుకు వెళ్ళే అవసరం రాలేదు గానీ పడింది. రొనాల్డో 2019లో దాదాపు 19 మిలియన్ యూరోలు కట్టి కేసు ముగించుకున్నాడు. మా పాత ఆటగాడు షాబి అలోన్సో ఒక్కడు రాజీకి రానని ఏళ్ళ తరబడి కోర్టులో పోరాడి నిర్దోషిగా బయటపడ్డాడు, అతనంటే నాకున్న గౌరవానికి అదీ ఒక కారణం. ఇంత జరిగాక కొత్తగా వచ్చే ఏ ఆటగాడి లాయరైనా ప్రతి వాక్యం పదిసార్లు చదివే సంతకం పెట్టిస్తాడు. మనమేమో ఇక్కడ ఎందుకింత ఆలస్యం అని ఫోన్లు పగలగొట్టుకుంటాం.

మన కథ ఆలస్యంగా అయినా ముగిసింది, కొందరికి అసలు ముగియలేదు. 2019 ఆగస్టు 8, ఇంగ్లాండులో బదిలీలకు చివరి రోజు. అర్జెంటీనా ఆటగాడు పౌలో డిబాలా ఇటలీ క్లబ్ యువెంటస్ నుంచి లండన్ క్లబ్ టాటెన్‌హామ్‌కు రాబోతున్నాడని ఆ ఫ్యాన్స్ గంట గంటకూ చూస్తున్నారు, అంతకుముందు మాంచెస్టర్ యునైటెడ్ కూడా మాట్లాడి వదిలేసింది. రెండు క్లబ్బుల మధ్య ఫీజు దాదాపు కుదిరింది. ఆగిందెక్కడంటే, డిబాలా ఇమేజ్ హక్కులు డిబాలా చేతిలోనూ లేవు, యువెంటస్ చేతిలోనూ లేవు, ఎప్పుడో రాసుకున్న ఒప్పందం ప్రకారం బయటి కంపెనీ ఒకటి అవి మావి అంటోంది. వాళ్ళకు విడిగా కోట్లలో కట్టాలి. టైమ్ అయిపోయింది. అతను యువెంటస్‌లోనే ఉండిపోయి ఆ సీజన్ ఇటలీ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు తీసుకున్నాడు. ఆ ఏడు డిబాలా పేరుతో టాటెన్‌హామ్ జెర్సీ ముందే వేయించుకున్న కుర్రాళ్ళు ఎక్కడో ఉండే ఉంటారు, వాళ్ళను తలచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఒక సలహా, క్లబ్ తన నోటితో ప్రకటించేదాకా ఏ పేరూ వేయించకండి. పేరు వేసిన జెర్సీని ఏ షాపూ వెనక్కి తీసుకోదు.

మన దగ్గర ఆ జాగ్రత్త పాటించేవాళ్ళు తక్కువ. 2024 మే నెలలోనే, ఇంకా ప్రకటన రాకముందే, హైదరాబాద్‌లో ఒక జెర్సీల షాపులో ఎంబాపె పేరుతో తెల్ల జెర్సీలు వేలాడుతున్నాయి. అన్నా, ఒరిజినల్ కావాలా, ఫస్ట్ కాపీనా అని అడిగాడు. ఒరిజినల్ ఇంకా రాలేదు కదా తమ్ముడూ, నంబరెంతో కూడా ఎవరికీ తెలీదు అంటే, 10 వేసేశాం అన్నా, వాడు 10 కాక ఇంకేం తీసుకుంటాడు అన్నాడు. ఐదారు వందలకు ఇస్తున్నాడు. ఆ కాపీల మీద నాకు కోపం లేదు, తొమ్మిది వేలు పెట్టలేని పిల్లలు ఏం వేసుకోవాలి మరి, వాళ్ళూ మాలాంటి ఫ్యాన్సే. నాణ్యత మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. నా ఫ్రెండ్ ఒకడు అలాంటిదే వేరే చోట కొన్నాడు, వానాకాలం దాటేసరికి పేరులో అక్షరాల అంచులు లేచిపోయాయి, తెలుపు పసుపు రంగుకు తిరిగింది, చెమట పట్టాక ఒంటికి ప్లాస్టిక్ కవర్ చుట్టుకున్నట్టు ఉంటుందట. నాదాంట్లో అక్షరాలు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. చెమట తొందరగా ఆరుతుంది, ఏప్రిల్ ఎండలో సాయంత్రం టర్ఫ్‌లో ఆడినా బరువెక్కలేదు. మేలో మాత్రం ఏ బట్టైనా ఒకటే, దాన్ని అనడానికి లేదు.

ఉతికేటప్పుడు తిరగేసి, చన్నీళ్ళలో, వేరే రంగు బట్టలతో కలపకుండా ఉతకండి. మెషిన్‌లో వేసినా డ్రైయర్ వద్దు, నీడలో ఆరేయండి. పేరు మీద ఇస్త్రీ పెట్టారో, ఇక అంతే. తెల్ల జెర్సీ కాబట్టి మెడ దగ్గర మరక తొందరగా పడుతుంది, ఆడిన రోజే కాస్త సబ్బు రాసి రుద్దేస్తే పోతుంది, బుట్టలో పడేసి వారం తర్వాత చూస్తే పోదు. ఇంట్లో అమ్మ తెల్లబట్టలకు నీలిమందు పెట్టే అలవాటున్నవాళ్ళు ఈ జెర్సీని ముందే పక్కకు తీసి పెట్టుకోండి, ఆ మాట అమ్మకు కూడా చెప్పి పెట్టండి.

ఇంత పేరు కోసం ఇంత పెట్టాం కదా, ఆట ఎలా ఉంది అంటే, మొదట్లో గుండె గుభేలుమంది. ఆగస్టు 14న వార్సాలో అట్లాంటా మీద సూపర్ కప్‌లో మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు, లీగ్‌లో మొదటి గోల్ మాత్రం బెటిస్ మీద సెప్టెంబరు 1 దాకా రాలేదు. నవంబరు చివర్లో లివర్‌పూల్ మీద పెనాల్టీ పోగొట్టాడు, సరిగ్గా వారానికి అథ్లెటిక్ బిల్బావో మీద ఇంకొకటి. ఆ రాత్రులు ఈ జెర్సీ వేసుకుని కూర్చోవడం చాలా కష్టంగా గడిచింది. ఆ తర్వాత కుర్రాడు నిలబడ్డాడు. ఫిబ్రవరిలో మాంచెస్టర్ సిటీ మీద హ్యాట్రిక్, మే నెలలో బార్సిలోనా మీద వాళ్ళ గడ్డ మీద హ్యాట్రిక్, ఆ మ్యాచ్ 4–3తో ఓడిపోయాం, అది వేరే బాధ. లీగ్‌లో 31 గోల్స్‌తో సీజన్ టాప్ స్కోరర్, యూరప్ గోల్డెన్ బూట్ కూడా అతనిదే. కప్పులు మాత్రం మేం కోరుకున్నవి రాలేదు, పైగా అతను వదిలేసి వచ్చిన పీఎస్‌జీ ఆ ఏడే ఇంటర్ మీద 5–0తో చాంపియన్స్ లీగ్ గెలిచింది. దాని గురించి నన్ను ఎన్ని మాటలు అన్నారో మా గ్రూపులో. అయినా నా లెక్కలో ఈ పేరుకు పెట్టిన డబ్బు దండగ కాలేదు. 31 గోల్స్ చూశాను.

ఇప్పుడు కొనాలనుకునేవాళ్ళకు ముఖ్యమైన సంగతి. 2025 వేసవిలో, అప్పటిదాకా 10 వేసుకున్న మోడ్రిచ్ వెళ్ళిపోయాక ఎంబాపెకు 10 ఇచ్చారు. కాబట్టి 9 నంబరు ఎంబాపె జెర్సీ అంటే ఇక ఆ ఒక్క సీజన్‌దే. మీరు స్టేడియానికి వెళ్ళి వేసుకోవాలనో, ఇప్పటి ఆటగాడి జెర్సీ కావాలనో అనుకుంటే 10 ఉన్న కొత్తదే తీసుకోండి, పాత స్టాకులో 9 తగ్గింపు ధరకు కనబడినా తొందరపడకండి. ఏడేళ్ళు ఎదురుచూసినవాళ్ళలో మీరూ ఒకరైతే, ఆ వచ్చిన ఏడాది గుర్తుగా దాచుకోవాలనుకుంటే, 9 కావాలి, దానికి బదులు ఇంకోటి లేదు. నా దగ్గరున్నదాని మీద నంబరు మార్పించే ఉద్దేశం నాకు లేదు, చాలామంది అడిగారు కాబట్టి చెబుతున్నాను. మార్పించాలని చూసేవాళ్ళు కూడా ఆగండి, పాత అంకె పీకితే తెలుపు మీద జిగురు మచ్చ ఉండిపోతుంది, బట్ట పాడవుతుంది.

పిల్లలకు కొనేవాళ్ళు ఒక సైజు పెద్దది తీసుకోండి, ఒక్క సీజన్‌లో పొట్టైపోతుంది. పేరు వేయించాలా వద్దా అని మాత్రం వాళ్ళనే అడగండి, ఎవరి పేరో కూడా వాళ్ళనే చెప్పనివ్వండి.